రంగురంగుల నీళ్ళు, కాకిలెక్కలు

"ఇంకా ఈ కాలంలో కూడా బొమ్మ డ్యామ్ కట్టి, దాని మీద నీళ్ళు పోసి, స్కేలు పెట్టి కొలవడం ఏమిటండీ? అంతా సిమ్యులేట్ చేసెయ్యొచ్చుగా!" మన సాఫ్టువేరు జనాల్లో ఈ మాట అనని వాళ్ళు అరుదు. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న జల పరిశోధనా కేంద్రంలో పోలవరం స్పిల్‌వేకి నమూనా కట్టి పరీక్షలు చేశారని చెబితే మా క్యాంటీన్లో నవ్విన వాళ్ళున్నారు. పాపం గవర్నమెంటు వాళ్ళు, కంప్యూటర్లు లేవు కాబోలు అన్నట్టు.

నవ్వే ముందు ఒక్క నిమిషం ఆగండి బాబూ. నేను కొన్నేళ్ళు ఇలాంటి సిమ్యులేషన్ల ఫలితాలని తెర మీద బొమ్మలుగా గీసే సాఫ్టువేరు రాసి బతికిన వాణ్ణి. హైడ్రాలిక్స్ పండితుణ్ణి కాదు. కానీ ఆ అందమైన నీలం, ఎరుపు, పసుపు నీళ్ళ వెనకాల ఏముందో, ఏం లేదో వంటింట్లోంచి చూసిన అనుభవం ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: మెట్ల స్పిల్‌వేల విషయంలో, ఇవాళ కంపెనీల్లో మామూలుగా నడిచే సిమ్యులేషను ప్రమాదం లేని చోట చక్కగా పనిచేస్తుంది, ప్రమాదం ఉన్న చోట కళ్ళు మూసుకుంటుంది. అయినా ఆ బొమ్మనే సర్టిఫికెట్టుగా చూపించి సంతకాలు పెట్టించుకుంటున్నారు. నా గొడవంతా దీని మీదే.

ముందు మెట్ల స్పిల్‌వే అంటే ఏమిటో చూద్దాం. మన చెరువులకి అలుగు ఉన్నట్టే డ్యామ్‌కి స్పిల్‌వే. ఎక్కువైన నీళ్ళు కట్ట తెగకుండా పోవడానికి వదిలిన దారి. నీళ్ళు పోవడం పెద్ద విషయం కాదు, ఆ నీళ్ళతో పాటు కిందకొచ్చే శక్తిని ఏం చెయ్యాలన్నదే విషయం. మూడున్నర లక్షల క్యూసెక్కులు 60 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయనుకోండి. లెక్కేస్తే దాదాపు 5,800 మెగావాట్లు. పెద్ద థర్మల్ కేంద్రాలు రెండు మూడు కలిపినంత శక్తి, వాడుకునే దిక్కు లేకుండా నది అడుగున పడి రాళ్ళు పీకుతుంది. శ్రీశైలంలో, నాగార్జునసాగర్లో గేట్లెత్తినప్పుడు నీళ్ళు కింద బకెట్ లాంటి వంపు తగిలి గాల్లోకి ఎగిరి దూరంగా పడటం మనందరం చూసిందే. శక్తిని డ్యామ్ పాదానికి దూరంగా విసిరేసే పద్ధతి అది. మెట్ల స్పిల్‌వే పద్ధతి వేరు. డ్యామ్ వీపు మీదే మెట్లు కట్టి, దిగే దారిలోనే నీళ్ళకి ఎదురుదెబ్బలు తగిలేలా చేసి శక్తిని అరగదీస్తారు.

ఇది కొత్త ఆలోచన కాదు. న్యూయార్కుకి నీళ్ళిచ్చే న్యూ క్రోటన్ డ్యామ్ 1906లో కట్టారు, దాని స్పిల్‌వే మెట్లదే. 1980ల నుంచి రోలర్లతో అణిచి పొరలు పొరలుగా పోసే కాంక్రీటు వచ్చాక ఈ మెట్లకి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. పొర మీద పొర పోస్తుంటే మెట్లు దాదాపు ఊరికే వచ్చేస్తాయి కదా. దాన్నీ ఆర్సీసీ అనే పిలుస్తారు, మన ఇళ్ళ స్లాబుల్లో వేసే ఇనప చువ్వల ఆర్సీసీ కాదు. కంగారు పడకండి.

ఇక్కడి నుంచి అసలు కథ. మెట్ల మీద నీళ్ళు ఒకే రకంగా పారవు. కొంచెం నీళ్ళొస్తే ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదకి ధారగా దూకుతూ దిగుతాయి, కోనేటి మెట్ల మీద బిందె ఒంపినట్టు. దీన్ని న్యాప్ ఫ్లో అంటారు. చాలా నీళ్ళొస్తే మెట్లన్నీ మునిగిపోయి, మెట్ల అంచుల మీంచి ఒక దట్టమైన ప్రవాహం జారుతుంది, ప్రతి మెట్టు మూలలోనూ ఒక సుడి చిక్కుకుని గిర్రున తిరుగుతుంటుంది. ఇది స్కిమ్మింగ్ ఫ్లో. ఈ రెంటికీ మధ్యలో అటూ ఇటూ కాని ఒక దశ ఉంది, ట్రాన్సిషన్. నీళ్ళు ఒక మెట్టు మీద దూకుతాయి, పక్క మెట్టు మీద జారతాయి, మరు క్షణం తారుమారవుతాయి. చిందర వందర, ఎటు చూసినా తుంపర్లు.

ఎప్పుడు ఏది అన్నదానికి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ హ్యూబర్ట్ ఛాన్సన్ ప్రయోగాల నుంచి తీసిన సూత్రాలున్నాయి. వాటితో నేనే ఒక లెక్క వేశాను. మెట్టు ఎత్తు 60 సెంటీమీటర్లు, వాలు మీటరు దిగితే 80 సెంటీమీటర్లు ముందుకు. చాలా ఆర్సీసీ డ్యాముల వీపు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మీటరు వెడల్పుకి సెకనుకి 0.35 ఘనపు మీటర్ల లోపు నీళ్ళొస్తే న్యాప్, 1.03 దాటితే స్కిమ్మింగ్, మధ్యలోది ట్రాన్సిషన్. డిజైను వరద అంటే మీటరుకి 20, 25 ఇలా ఉంటుంది కాబట్టి అది హాయిగా స్కిమ్మింగ్ కిందకొస్తుంది. అందుకని సిమ్యులేషను కూడా ఆ ఒక్క డిజైను వరదకే చేసి చేతులు దులుపుకుంటారు. కానీ ప్రతి వరదా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ 0.35 నుంచి 1.03 లోంచే పోవాలి. చిన్న వరదలొచ్చే ఏళ్ళలో గంటల కొద్దీ అక్కడే ఉండిపోవచ్చు. మెట్ల మీద ఒత్తిడి ఎగుడుదిగుళ్ళు అదుపు లేకుండా ఉండే దశ అది, అందుకే డిజైనర్లు దానికి దూరంగా ఉండమంటారు. దాన్ని సిమ్యులేట్ చేసిన రిపోర్టు నా కళ్ళ ముందు నుంచి పోయిన వాటిలో ఒక్కటీ లేదు. ఎందుకు లేదంటే, ఆ దశలో లెక్క ఒక పట్టాన కుదురుకోదు. కుదురుకోని లెక్కకి అందమైన బొమ్మ రాదు.

సరే, స్కిమ్మింగ్ దగ్గరికే వద్దాం, అక్కడైనా బాగుందా అంటే... నురగ దగ్గర దొరికిపోతారు.

పై నుంచి జారేటప్పుడు మొదట కొంత దూరం నీళ్ళు గాజులా నల్లగా, నున్నగా ఉంటాయి. అడుగున మెట్ల వల్ల పుట్టిన అల్లకల్లోలం క్రమంగా పైకి పెరిగి ఒక చోట ఉపరితలాన్ని తాకుతుంది. ఆ చోటి నుంచి నీళ్ళు గాలిని మింగడం మొదలుపెట్టి తెల్లగా మారిపోతాయి. ఆ చోటుని ఇన్సెప్షన్ పాయింట్ అంటారు. అక్కడి నుంచి కిందంతా పారేది నీళ్ళు కాదు, నీళ్ళూ గాలీ కలిసిన నురగ. 50 డిగ్రీలు దాటిన నిటారు వాలులో గాలి సగటున 60 శాతం దాకా ఉండటం వింతేమీ కాదు. అంటే ఒక మీటరు లోతు అసలు నీళ్ళు రెండున్నర మీటర్లకి పొంగి పారతాయి, పాలు పొంగినట్టు. ప్రయోగశాలల్లో అందుకే గాలి 90 శాతానికి చేరే ఎత్తుని ప్రవాహం ఎత్తుగా తీసుకుంటారు. పక్క గోడలు ఎంతెత్తు కట్టాలన్నది దాన్ని బట్టే.

ఇప్పుడు సిమ్యులేషన్లో ఏం జరుగుతుందో చూడండి. ఎక్కువ మంది వాడేది వీఓఎఫ్ పద్ధతి, హర్ట్, నికల్స్ అనే ఇద్దరు 1981లో ప్రచురించింది. స్థలాన్నంతా గళ్ళు గళ్ళుగా విడగొట్టి ప్రతి గడిలో నీళ్ళ వాటా ఎంతో ఒక అంకె పెట్టుకుంటారు. ఒకటంటే పూర్తి నీళ్ళు, సున్నా అంటే పూర్తి గాలి. గడి సైజు 5 సెంటీమీటర్లు, నురగలో బుడగలేమో కొన్ని మిల్లీమీటర్లు. గడి కంటే చిన్న బుడగని లెక్క పుట్టించలేదు, మోయలేదు, పగలగొట్టలేదు. పైగా గళ్ళ మధ్య అంకెలు లెక్క తప్పుల వల్లే పలచబడి, లేని గాలిని ఉన్నట్టు చూపించడం ఇంకో తమాషా. ఉన్న బుడగలు కనపడవు, లేని గాలి కనపడుతుంది.

ఇక నా వంతు. నీటి వాటా సరిగ్గా 0.5 ఉన్న చోట్లన్నీ కలిపి ఒక నున్నటి ఉపరితలం గీసి, దానికి నీలం రంగేసి, కాస్త మెరుపు అద్దుతుంది మేం రాసే సాఫ్టువేరు. ఆ 0.5 ఎక్కణ్ణుంచొచ్చింది? డిఫాల్టు. అంతే సంగతులు. ప్రయోగశాల వాళ్ళు కొలిచింది గాలి 90 శాతం ఉన్న ఎత్తు, మనం గీసింది 50 శాతం ఉన్న ఎత్తు, అదీ నురగ లేని లెక్కలోంచి. ఈ రెంటినీ ఒకే గ్రాఫు మీద పెట్టి పోల్చిన స్లయిడ్లు నేను చూశాను. డిజైనరు ఆ నీలం గీతని నమ్మి ఒకటిన్నర మీటరు గోడ చాలనుకుంటే, వరద రోజున రెండున్నర మీటర్ల నురగ ఆ గోడ దూకుతుంది. గోడ అవతల సాధారణంగా ఏముంటుంది? మట్టి. కొన్ని డ్యాముల్లో ఆ మట్టే కట్ట.

బొమ్మ నున్నగా ఉండటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. గడికీ గడికీ మధ్య విలువలని ఇంటర్‌పొలేట్ చేసి రంగులు కలిపేస్తాం కాబట్టి ఎంత మొరటు మెష్ అయినా తెర మీద పట్టుచీరలా కనిపిస్తుంది. ఆ నునుపు నాలాంటి వాళ్ళు రాసిన పది లైన్ల కోడ్ ఫలితం. నీళ్ళకి దాంతో సంబంధం లేదు. ఆ ఇంటర్‌పొలేషన్ ఆఫ్ చేసి, గళ్ళు గళ్ళుగా చూపించే బటను కూడా ఉంటుంది. డెమోల్లో దాన్ని నొక్కిన వాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

"గడి సైజు తగ్గించుకుంటే పోలా? జీపీయూలున్నాయి, క్లౌడ్ ఉంది" అంటారు మనవాళ్ళు. లెక్కేద్దాం రండి, మనకి లెక్కలంటే భయం లేదు కదా. ఒక మీటరు వెడల్పు, 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల లోతు ముక్క తీసుకుందాం. స్పిల్‌వే మొత్తం కూడా కాదు, ఒక్క చీలిక. మిల్లీమీటరు గళ్ళు పెడితే 30 వేల కోట్ల గళ్ళు. మిల్లీమీటరు గడిలో మిల్లీమీటరు బుడగ ఆకారం తెలీదు, బుడగకి అడ్డంగా పది గళ్ళయినా కావాలి, అంటే ఇంకో వెయ్యి రెట్లు. నీళ్ళ వేగం సెకనుకి 20 మీటర్లయితే, మిల్లీమీటరు గడి దాటడానికి సెకనులో 20 వేలో వంతు. కాబట్టి ఒక సెకను వరదకి కనీసం 20 వేల అడుగులు. వరద ఎన్ని గంటలుంటుందో మీకు తెలుసు. మూర్స్ లా మీద భరోసా ఉన్నవాళ్ళు ఈ లెక్క కాగితం మీద ఒకసారి వేసుకోండి.

అందుకే ఎవరూ అంత దూరం పోరు. కే-ఎప్సిలాన్ లాంటి సగటు మోడళ్ళు వాడతారు. అల్లకల్లోలాన్నంతా సగటు చేసి, మిగిలిన దాన్ని కొన్ని గుణకాలతో సర్దే మోడళ్ళివి. సగటు అంటే మనకి బాగా తెలిసిన జబ్బే. మీ సర్వరు సగటు రెస్పాన్స్ టైము 200 మిల్లీసెకన్లని మేనేజరు మురిసిపోతుంటాడు. కస్టమరు ఫోన్ చేసి తిట్టేది మాత్రం వందలో ఒకటిగా వచ్చే ఆ 9 సెకన్ల రిక్వెస్టు గురించి. పీ99 చూడకుండా ప్రొడక్షన్లో పెట్టిన వాణ్ణి మనం ఊరుకుంటామా? మెట్టు అంచు దగ్గర ఒత్తిడీ అంతే. సగటు ఒత్తిడి బాగానే ఉంటుంది, సిమ్యులేషను దాన్ని బాగానే చెబుతుంది కూడా. కాంక్రీటుని తినేది క్షణకాలం పాటు ఒత్తిడి బాగా పడిపోయి, నీళ్ళు చల్లగా ఉండగానే మరిగి, ఆ ఆవిరి బుడగలు గోడ మీద పేలడం. క్యావిటేషన్ అంటారు. 1983లో అమెరికాలో గ్లెన్ క్యానియన్ డ్యామ్ స్పిల్‌వే సొరంగంలో ఇది సుమారు 10 మీటర్ల లోతు గొయ్యి తవ్వింది. అది మెట్ల స్పిల్‌వే కాదు, కానీ కాంక్రీటు కాంక్రీటే.

దీనికి మందు గాలే. గోడ దగ్గర 5 నుంచి 8 శాతం గాలి ఉంటే క్యావిటేషన్ దెబ్బ దాదాపు ఉండదని అమెరికా ఇంజనీరు పీటర్కా 1953లోనే ప్రయోగాలతో చూపించాడు. మెట్ల స్పిల్‌వేలో ఇన్సెప్షన్ పాయింటు దాటాక గాలికి కొదవ లేదు. దానికి పైన, గాలి ఇంకా చేరని చోట, వేగం పెరిగిపోతుంటే? అదీ ప్రమాదకరమైన చోటు. కాబట్టి గాలి ఎక్కడ మొదలవుతుంది, అక్కడికి వేగం ఎంత, క్షణకాలపు కనిష్ఠ ఒత్తిడి ఎంత అన్నవే డిజైనరుకి కావలసిన మూడు ముక్కలు. సగటు మోడలుతో, బుడగలు లేని లెక్కతో ఈ మూడింట్లో వేగం ఒక్కటే నమ్మకంగా వస్తుంది.

నేను పనిచేసిన ఒక చోట (పేరెందుకు లెండి) ఎక్కడో విదేశీ డ్యామ్‌కి ఇలాంటి పనే జరిగింది. కొత్తగా చేరిన ఎం.టెక్ కుర్రాడొకడు శ్రద్ధగా మూడు మెష్‌ల మీద లెక్క నడిపాడు. మొరటు, మధ్యస్థం, సన్నం. నీటి ఎత్తు మూడింటికీ దగ్గర దగ్గరగా వచ్చింది. మెట్టు అంచు దగ్గర కనిష్ఠ ఒత్తిడి మాత్రం మెష్ సన్నబడేకొద్దీ పడిపోతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. అంటే ఆ అంకెకి అర్థం లేదు, అది నీళ్ళ గుణం కాదు, గడి సైజు గుణం. వాడు పాపం అదే ఒక స్లయిడు మీద పెట్టాడు. రివ్యూలో పెద్దాయన చూసి "ఏమయ్యా, ఇది చూపిస్తే క్లయింట్ కన్ఫ్యూజ్ అవుతాడు. ఆ వీడియో పెట్టు చాలు, వీడియో బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. "సార్, ఆ వీడియో మధ్యస్థం మెష్‌ది..." అని వీడు నసిగాడు. "అయితే ఏం? కన్వర్జ్ అయిందా లేదా?" స్లయిడు పోయింది. రిపోర్టు చివర అనుబంధంలో ఆ పట్టిక ఉంచాలని మాత్రం కుర్రాడు పట్టు వదల్లేదు, ఉంచారు. ఎవరు చదివారో ఆ దేవుడికే ఎరుక.

కన్వర్జ్ అయిందా లేదా! ఈ ఒక్క ప్రశ్న ఎంత మందిని నిద్ర పుచ్చుతోందో. కన్వర్జ్ అవడం అంటే మనం రాసుకున్న సమీకరణాలకి జవాబు కుదురుకుందని. ఆ సమీకరణాలు ఈ నీళ్ళవి అవునో కాదో అది చెప్పదు. యూనిట్ టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, కస్టమరు అడిగింది మాత్రం వేరే ప్రొడక్టు. వెరిఫికేషన్ వేరు, వాలిడేషన్ వేరు అని మన ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని చంపుకు తింటాం కదా, ఆ ఫ్రెషర్‌కి తెలిసిన తేడా డ్యామ్ దగ్గరకొచ్చేసరికి ఎలా మరిచిపోతాం?

కాలేజీల వాళ్ళు కూడా తక్కువేం తినలేదు. థీసిస్సుల తంతు చూడండి. ఎవరో ఎప్పుడో చేసిన ప్రయోగం ఒకటి తీసుకుంటారు. 30 సెంటీమీటర్ల వెడల్పు గాజు కాలువ, అరచెయ్యంత మెట్లు. అదే కొలతలతో సాఫ్టువేరులో కట్టి, నాలుగైదు టర్బులెన్స్ మోడళ్ళు మార్చి మార్చి నడిపి, వాటిలో ప్రయోగానికి దగ్గరగా వచ్చినదాన్ని పట్టుకుని "చక్కగా సరిపోయింది" అని రాస్తారు. జవాబు చూసుకుని లెక్క చెయ్యడం ఇది. టెస్టు కేసులు చూసి కోడ్ రాసినట్టు. ఆ మోడలునే పట్టుకెళ్ళి 80 మీటర్ల డ్యామ్‌కి వాడితే సరిపోతుందనడానికి ఆధారం ఏమీ లేదు. నిజాయితీగా చేసిన వాళ్ళు లేకపోలేదు. బొంబార్దెల్లి, మైరెలెస్, మాతోస్ 2011లో ప్రచురించిన పనిలో ప్రయోగం, సిమ్యులేషను రెండూ పక్కపక్కన పెట్టి, గాలి చేరని పై భాగానికే తమ లెక్కని పరిమితం చేసుకున్నారు. ఎక్కడ ఆగాలో తెలిసిన వాళ్ళు. ఆ సంగతి శీర్షికలోనే చెప్పేశారు. దాన్ని ఉదహరించే వాళ్ళు మాత్రం కింద నురగ దాకా ధైర్యంగా దిగిపోతుంటారు.

సిమ్యులేషన్ చూడని ఇంకో ప్రపంచం ఉంది, గోడ లోపలిది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బర్నెట్ నది మీద ప్యారడైజ్ డ్యామ్ ఉంది. 2005లో పూర్తయిన ఆర్సీసీ డ్యామ్, ప్రధాన స్పిల్‌వే మెట్లదే. 2013 జనవరిలో తుపాను శేషంతో భారీ వరదొచ్చింది. దిగువన బండబర్గ్ పట్టణం మునిగింది. డ్యామ్ నిలబడింది కానీ నీళ్ళు తగ్గాక చూస్తే స్పిల్‌వే పాదం దగ్గర కాంక్రీటు ఆప్రాన్ దెబ్బతిని, దాని అవతల రాయి కోసుకుపోయి ఉంది. 2019లో గట్టు ఎత్తు 5.8 మీటర్లు తగ్గించాలని నిర్ణయించారు. 2020లో విచారణ కమిషన్ కూర్చుని పరిశీలించిన వాటిలో ముఖ్యమైనవి రెండు: కాంక్రీటు పొరల మధ్య అతుకులు ఎంత గట్టివి, పాదం దగ్గర ఆప్రాన్ వెడల్పు సరిపోయిందా. 2024 జనవరిలో చివరికి పాత గోడ బాగుచేసే స్థితిలో లేదు, కొత్త గోడ కట్టాల్సిందే అన్నారు. పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా నిండని డ్యామ్.

ఇక్కడ సిమ్యులేషన్ని నమ్మి మోసపోయారని నేననడం లేదు, అపార్థం చేసుకోకండి. నేను చెప్పేది వేరు. మన లెక్కలో డ్యామ్ అంటే ఏమిటి? "వాల్" అనే ఒక బౌండరీ కండిషన్. అది కదలదు, పగలదు, దాని అతుకుల్లోకి నీళ్ళు దూరవు. కింద రాయి కూడా వాలే. ప్యారడైజ్‌లో ప్రశ్న తలెత్తింది సరిగ్గా ఆ రెండు చోట్లే, అతుకుల్లోనూ అడుగు రాయిలోనూ. 2017లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ స్పిల్‌వే బద్దలై లక్షా ఎనభై వేల మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేసినప్పుడూ అంతే. అది నున్నటి చూట్, మెట్లు లేవు. పగుళ్ళలోంచి స్లాబు కిందకి నీళ్ళు దూరి పైకెత్తేశాయని నిపుణుల బృందం 2018లో తేల్చింది. పైన పారే నీళ్ళని ఎంత అందంగా గీసినా ఆ పగులు బొమ్మలో లేదు. అన్నట్టు, ఓరోవిల్‌ని తిరిగి కట్టేటప్పుడు ఆ సంపన్న దేశపు ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? యూటాలో 50వ వంతు సైజులో బొమ్మ స్పిల్‌వే కట్టి నీళ్ళు పోసి చూశారు. క్యాంటీన్లో నవ్విన వాళ్ళు గమనించగలరు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మ డ్యాములూ సత్యహరిశ్చంద్రులు కావు. డ్యాముని 50వ వంతు చేస్తే బుడగ 50వ వంతు అవదు. అదే తలతన్యత, అదే మిల్లీమీటర్ల బుడగ. కాబట్టి చిన్న నమూనాలో నీళ్ళు అసలు డ్యామ్ మీద కంటే తక్కువ గాలి మింగుతాయి. మెట్ల స్పిల్‌వేల గాలి లెక్కలకి 10వ వంతు, 15వ వంతు కంటే చిన్న నమూనాలు పనికిరావని బోస్, హాగర్ లాంటి వాళ్ళు చాలాకాలం కిందటే హెచ్చరించారు. అయితే ఆ తప్పు ఎటు వైపుందో, ఎంతో, వాళ్ళు కొలిచి, రాసి, పరిమితులు పెట్టుకున్నారు. మన వాళ్ళ తప్పు ఎటు వైపుందో రిపోర్టులో ఉండదు.

సిమ్యులేషన్ వద్దే వద్దని కూడా కాదు నా వాదన. గట్టు మీదకి నీళ్ళు ఎలా చేరుతున్నాయి, పియర్ల ఆకారం మారిస్తే ఏమవుతుంది, గేటు ఇంత ఎత్తితే ఎంత నీళ్ళు పోతాయి, గాలి చేరని పై భాగంలో వేగాలెంత... వీటిల్లో అది బంగారంలా పనిచేస్తుంది. పది డిజైన్లలో ఎనిమిదింటిని నమూనా కట్టకుండానే పక్కన పెట్టడానికి దాన్ని మించింది లేదు. గాలి మింగడానికి విడిగా మోడళ్ళు తగిలించే వాళ్ళూ ఉన్నారు, మంచిదే, కానీ అందులోని గుణకాలు మళ్ళీ ఆ గాజు కాలువల నుంచి తెచ్చుకున్నవే. ఇప్పుడు కొత్తగా ఏఐ మోడలుకి వేల సిమ్యులేషన్లు చూపించి నేర్పిస్తాం, సెకనులో జవాబిస్తుంది అంటున్నారు. నురగ తెలియని గురువు దగ్గర చదువుకున్న శిష్యుడికి నురగ ఎక్కణ్ణుంచి తెలుస్తుంది?

నిజానికి కావలసింది అసలు డ్యాముల మీద కొలతలు. అవే కరువు. ఛాన్సన్ బృందం హింజ్ డ్యామ్ మెట్ల మీద వరద పొర్లుతుండగా వీడియోలు తీసి, వాటి నుంచి ఉపరితల వేగాలు, గాలి మొదలయ్యే చోటు లెక్కగట్టింది. కెమెరాతో, ఒడ్డున నిలబడి! ఇమేజ్ ప్రాసెసింగ్ తెలిసిన వాళ్ళు మనలో ఎంత మంది లేరు? దీనికి పెట్టగలిగే బుర్రలని మనం ఇంకో అందమైన వాటర్ షేడర్ రాయడానికి పెడుతున్నాం.

కాబట్టి ఈ రంగంలో పనిచేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఇది. మీ చేతిలోంచి పోయే రిపోర్టులో మూడు మెష్‌ల పట్టిక అనుబంధంలో కాదు, మొదటి పేజీల్లో పెట్టండి. ఉపరితలం ఎంత శాతం గాలి దగ్గర గీశారో బొమ్మ కిందే రాయండి. గాలి మొదలయ్యే చోటు దాటిన తర్వాత భాగానికి నీలం రంగు వెయ్యకండి, బూడిద రంగు వేసి "ఇక్కడి నుంచి లెక్క నమ్మదగింది కాదు" అని రాయండి. రెండు రోజుల పని కూడా కాదు, నేను చేసి చూశాను. ట్రాన్సిషన్ దశకి లెక్క కుదరకపోతే కుదరలేదని రాయండి. నమూనా పరీక్ష జరగబోతుంటే, అది జరగక ముందే మీ అంకెలు తేదీ వేసి ఇచ్చెయ్యండి, తర్వాత పోల్చుకుందాం. క్లయింటు కన్ఫ్యూజ్ అవుతాడంటే అవనివ్వండి. అతనికి ఆ కన్ఫ్యూజన్ అవసరం, సంతకం పెట్టేది అతను, దిగువన ఉండేది ఇంకెవరో.

మీలో ఎవరైనా మెట్ల స్పిల్‌వే లెక్కని ఓపెన్‌ఫోమ్‌లో చేసి, కేసు ఫైళ్ళతో సహా అందరికీ అందుబాటులో పెట్టి ఉంటే నాకు చెప్పండి. మెష్ రెండింతలు, నాలుగింతలు సన్నం చేసి నా ఖర్చుతో నడిపి, మెట్టు అంచు దగ్గర ఒత్తిడి ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో, ఇక్కడే పెడతాను. ఇంటర్‌పొలేషన్ ఆఫ్ చేసే పెడతాను లెండి.